రెండో ముద్ద

వెంకటేశ్వరి వదినకు,

కువైట్ జహ్రా నుంచి నీ ఆడబిడ్డ రాస్తోంది. నేను బాగున్నాను, నా పని కూడా ఊడలేదు. ఈ రెండో మాట రాస్తానని నిన్నటిదాకా నమ్మకం లేదు.

పనివాళ్లం మామా అని పిలిచే మా యజమానురాలి కూతురు నూరా కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో ఆడుతుంది. పోటీలు మొదలయ్యే రోజని మామా జట్టు పిల్లలకూ ఇరుగుపొరుగుకూ మధ్యాహ్నం విందు పెట్టింది. నూరా నా చేతి సంగటి తిని పెరిగిన పిల్ల, అదే కావాలంది. సంగటి, కోడి పులుసు చేశాను. పిల్లలు ఒక ముద్ద తిని "ఖలాస్" అన్నారు. మన ఇళ్లలో మొదటిసారి చాలన్న మాటను ఎవరు నమ్ముతారు వదినా? "సిగ్గుపడాకండమ్మా, ఇంగొక ముద్ద" అని తెలుగులోనే బతిమాలాను. చేయి అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచి పులుసు పోశాను.

సాయంత్రం ఆటలో ఒక్క పిల్లా ఎగరలేకపోయిందట. చిత్తుగా ఓడారు. మామా రెండు రోజులు వంటింటి గడప తొక్కలేదు. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం రద్దు చేసి విమానం ఎక్కిస్తుందనే అనుకున్నాను.

నిన్న నవ్వుతూ వంటింట్లోకొచ్చి, వచ్చే నెల ఆటకు ముందు మళ్లీ అదే విందు చేయమంది. అందుకే ఇక్కడి నుంచి సెలవు మీద ఊరికొచ్చిన పెంచలయ్య తిరిగొచ్చేటప్పుడు అతనితో పది కిలోల రాగిపిండి పంపించు.

ఈసారి భోజనానికి వచ్చేది అవతలి జట్టు. "వాళ్లు చాలన్నా నువ్వు నమ్మొద్దు" అని మామా మరీ మరీ చెప్పింది.

నీ ఆడబిడ్డ