రెండో దెబ్బ

సర్జాపుర రోడ్డు,
బెంగళూరు.

అక్క నాగమ్మకు తమ్ముడు ఓబులేసు నమస్కరించి రాసేది. నువ్వు, పిల్లలు బాగున్నారని తలుస్తాను. ఇక్కడ నా ఒంటికి ఏ జబ్బూ లేదు. మనసు సంగతి కింద రాస్తాను. ఇంటికి ఫోన్ చేస్తే స్పీకర్ పెడతారు, అందరూ వింటారు. అందుకే నువ్వు అన్నం వండే బడి అడ్రసుకు రాస్తున్నాను.

మూడు వారాలుగా ఇక్కడ పొద్దున ఎండ, సాయంత్రం వాన. మెస్సు సాంబారులో బెల్లం వేస్తారు, నోటికి సహించదు. గదిలో ఆరుగురం ఉన్నా మాట్లాడుకునే తీరిక ఎవరికీ లేదు. ఎవరైనా వస్తుంటే వేరుశనగ పొడి పంపు. నా గురించి దిగులు పడకు, తిండికి లోటు లేదు.

అసలు విషయం వేరే ఉంది. బ్రూక్‌ఫీల్డ్‌లో నేను సెక్యూరిటీ చేసే భవనంలో పోయిన వారం పెద్ద సదస్సు జరిగింది. భాషలు నేర్పే అధ్యాపకులు, వానకారడవుల మీద చట్టాలు రాసే పెద్దలు వచ్చారు. అడవి పోతే అక్కడి పిల్లల మాట కూడా పోతుందని మూడు రోజుల చర్చ. గలాటా చేసేవాళ్లు వస్తారేమోనని మా సూపర్‌వైజర్ పొద్దున్నే లాఠీలు పంచాడు. ఆయన ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగాయన.

"ముందు కొట్టు, ఆమీద అడుగప్పా. నువ్వు అడిగేలోపల వాడు లోపలుంటాడు," అన్నాడు.

లాఠీ చేతికొస్తే నాకు కొంచెం గర్వం కూడా వచ్చింది. నీ దగ్గర దాచడమెందుకు?

రెండో రోజు ఒక ముసలాయన గోనెసంచితో వేదిక మెట్లు ఎక్కుతున్నాడు. కాళ్లకు చెప్పులు లేవు, మెడలో అతిథి కార్డు లేదు. ఎవరు నువ్వని కన్నడంలో అరిచాను. ఆయన తలూపి, సంచిలోంచి మచ్చుకత్తి బయటికి తీశాడు.

కొట్టాను. మణికట్టు ఎండుపుల్లలా విరిగిన చప్పుడు వినబడింది. కత్తి ఎగిరిపడింది, ఆయన మోకాళ్ల మీద కూలాడు. అక్కడితో ఆగాలి కదా? ఆగలేదు. ఖాళీ చేతులతో ఉన్న మనిషిని మళ్లీ కొట్టాను. భుజానికని ఎత్తిన దెబ్బ చెవి పక్కన పడింది. వేదిక మీది తెల్లగుడ్డంతా రక్తం చిమ్మింది. మొదటి దెబ్బ భయానికి. రెండోది కొడుతున్నప్పుడు నాకు హాయిగా ఉండింది అక్కా. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం.

ఒక మేడం పరుగెత్తుకొచ్చి నా చెంప పగలగొట్టింది. "ఆయన మాకు పాఠం చెప్పడానికి వచ్చిన గురువు!" అని ఏడ్చింది. ఆయన పేరు కెంచయ్య. పడమటి కొండల్లో వానకారడవిలోని గూడెం ఆయనది. కత్తితో బెత్తం చీలుస్తూ, చేసే ప్రతి పనికీ ఒక మాట పలికిస్తూ పిల్లలకు తమ భాష నేర్పుతాడట. కార్డు పనికి అడ్డమని జేబులో పెట్టుకున్నాడు. చదువు చెప్పే చోటికి చెప్పులతో రాకూడదని గుమ్మం బయటే విడిచాడు. మనమూ బడిలోకి అట్లాగే పోయేవాళ్లం కదా! ఆ వట్టి కాళ్లు చూసే నేను ఆయన్ని దొంగ కింద లెక్కగట్టాను.

గంటలో నేల కడిగేశారు. సదస్సు మళ్లీ మొదలైంది. సాయంత్రం అడవి బిడ్డల గురించి తీర్మానం చదివి చప్పట్లు కొట్టారు. సూపర్‌వైజర్ నా ముందు ఒక కాగితం పెట్టాడు.

"మెట్ల మీద జారి పడినాడని రాసుండాది. సంతకం చెయ్యప్పా. నీ ఉద్యోగం ఉంటాది, మన కంపెనీ పేరూ ఉంటాది."

చేసేశాను.

రెండు రోజుల తర్వాత బత్తాయిలు కొనుక్కుని, కెంచయ్యను చేర్చిన ఆసుపత్రికి పోయాను. ఆయన కాళ్ల దగ్గర నిలబడి, మీరే పడ్డారని రాసుకున్నామని చెప్పాను. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కట్టు లేని చేత్తో మోకాలు, పక్కటెముక, దవడ ఒక్కొక్కటే చూపించాడు.

"ఇది అడవి గార్డు కొట్టింది. ఇది ఎస్టేటు కాపలావాడు. ఇది నా తమ్ముడే, తాగి కొట్టాడు. పడి విరిగిన ఎముక నా ఒంట్లో ఒక్కటీ లేదప్పా. కాగితాల్లో మాత్రం అన్నిసార్లూ నేనే పడ్డాను," అన్నాడు కన్నడంలో.

అక్కడినుంచి నేరుగా పోలీసు స్టేషన్‌కు పోయాను. ఆయన పడలేదు, నేనే కొట్టాను, రెండుసార్లు కొట్టాను అని రాసిచ్చాను. నీకేమైనా పిచ్చా అని ఎస్సై అడిగాడు. ఉద్యోగం పోయింది. కేసు నడుస్తుంది, శిక్ష కూడా పడొచ్చు. చిక్కపేటలో మూటలు మోసే పని దొరికింది, బతుకు గడుస్తుంది. నువ్వు బెంగ పెట్టుకోకు.

ఆయన మాట విన్నప్పటి నుంచి నాకు నీ చెయ్యే కళ్ల ముందుంది. పోయిన ఏడు అది విరిగినప్పుడు బావిగట్టున జారానన్నావు. అంతకుముందు పన్ను ఊడితే గడప తగిలిందన్నావు. బావ పక్కనే కూర్చుని తలూపాడు. నేను నమ్మి, కాఫీ తాగి బస్సెక్కాను. కొట్టే చెయ్యి ఎట్లాంటిదో నాకిప్పుడు తెలుసు. అది తనంతట తాను ఆగదు.

పిల్లలకు ముద్దులు. అమ్మకు నా దండాలు చెప్పు, నన్ను దీవించమను. నమస్కారాలు రాసేటప్పుడు ఎప్పుడూ బావ పేరు ముందు రాసేవాణ్ణి. ఈసారి రాయడం లేదు. జారలేదని ఒక్క ముక్క రాయి అక్కా. బావ మీద చెయ్యెత్తను, ఒట్టు. వచ్చి నిన్నూ పిల్లల్నీ తీసుకుపోతాను.

నీ తమ్ముడు,
ఓబులేసు