నల్ల పొట్టేలు పబ్బులో ఒకే ఒక్క యజమాని

12 జూలై 1962

గౌరవనీయులైన ఏమోస్ థ్రప్ గారికి,

నమస్కారం. మన బీరు కంపెనీకి నూట యాభై ఏళ్లు నిండుతున్నాయని కంపెనీ పబ్బులన్నిటి చరిత్రా పుస్తకంగా వేస్తున్నాం. రాసే పని నా నెత్తిన పడింది. థోర్న్‌బెక్ ఊళ్లోని మీ 'నల్ల పొట్టేలు' దగ్గరకొచ్చేసరికి కలం ఆగిపోయింది. 1839 నుంచి నేటిదాకా యజమాని ఏమోస్ థ్రప్ ఒక్కరే! ఇరవయ్యో ఏట మొదలుపెట్టారనుకున్నా తమరికి నూట నలభై దాటి ఉండాలి. తమరు ఏం తింటారో దయచేసి రాయగలరు.

ఇట్లు విధేయుడు,
కథ్‌బర్ట్ పెలో, గుమాస్తా

తా.క.: డైరెక్టరు గారు మీతో ఫోటో దిగాలని ఉబలాటపడుతున్నారు. చక్రాల కుర్చీ పంపమంటారా?

17 జూలై

పెలో గారికి,

కుర్చీ వద్దు బాబూ, ఏమోస్ పోయి తొంభై ఏళ్లయింది. యజమాని పేరు గుమ్మం పైన ఉండాలని చట్టం కదా, ఆ మహానుభావుడు తన పేరును రాతిలో చెక్కించాడు. అది తీస్తే గోడ కూలుతుంది. అందుకని తరవాత ఎవరొచ్చినా ఊరు వాళ్లకి అదే పేరు పెట్టింది. రెండో ఏమోస్ గుర్రాలకు నాడాలు కొట్టేవాడు. మూడో ఆయనకి బీరు వాసనే పడదు. నాలుగో ఆయన పాటలు పాడి జనాన్ని ఇళ్లకు పంపేవాడు. ఐదోవాడు మా ఆయన విల్ఫ్రెడ్.

కొత్తవాడు రాగానే ఎవరో ఒకరు "ఏమోస్!" అని కేకేస్తారు. పలికితేనే యజమాని. పలక్కపోతే ఎవడూ చుక్క ముట్టడు. మా ఆయన పలకడానికి మూడు వారాలు పట్టింది. ఊరంతా టీ తాగి నీరసపడిపోయింది.

ఆయన జనవరిలో పోయారు. అప్పట్నుంచి నేనే నడుపుతున్నాను. ఇరవై ఏడేళ్లుగా ఇదే నా ఇల్లు. కానీ అందరూ టోపీ తీసి "మిసెస్ గార్‌సైడ్" అంటారే తప్ప ఒక్కడూ ఆ కేక వెయ్యడు. బాధగానే ఉంటుంది.

మేబెల్ గార్‌సైడ్

తా.క.: నేను తినేది బంగాళాదుంపలు. నూట నలభై ఏళ్లు గ్యారంటీ ఇవ్వలేను.

24 జూలై

శ్రీమతి గార్‌సైడ్ గారికి,

మీ ఉత్తరాన్ని నవ్వుకుంటూ డైరెక్టరు గారికి చదివి వినిపించాను. ఆయన నవ్వలేదు. నలుగురు మనుషులు దొంగపేరుతో కంపెనీని మోసం చేశారని మండిపడ్డారు. పైగా ఒంటరి ఆడమనిషికి పబ్బు ఇవ్వకూడదని మా రూలు. థ్రప్ అనేవారు లేరు కాబట్టి వచ్చే శనివారం కొత్త మనిషి వస్తాడు. వచ్చే నెలాఖరుకి మీరు ఇల్లు ఖాళీ చేయాలి. ఈ మాట రాయడానికి నాకు చేతులు రావడం లేదు.

కథ్‌బర్ట్ పెలో

తా.క.: ఫోటోగ్రాఫరుని ఆపేశాను. మంచి కోటు కొనుక్కున్నాడు పాపం.

30 జూలై

పెలో గారికి,

మీరు పంపిన మనిషి వచ్చాడు. సన్నగా గొడుగులా ఉన్నాడు, చెవులు మాత్రం కూజా పిడులు. పేరు కూడా చెప్పకుండా కౌంటరు వెనక నిలబడి గ్లాసులు తుడుస్తున్నాడు. గొర్రెల నెడ్ బిర్కెట్ బల్ల గుద్ది "ఏమోస్! గొంతెండిపోతోందిక్కడ!" అన్నాడు. మీవాడు పలకడే! రెండోసారి అరిస్తే వెనక్కి తిరిగి గోడకేసి చూశాడు.

వంటింట్లోంచి నా నోటికి అలవాటుగా వచ్చేసింది: "వస్తున్నా ఉండవయ్యా! నీ గొంతు ఎప్పుడు తడిగా ఏడ్చింది గనక!"

పబ్బులో తలలన్నీ వంటింటివైపు తిరిగాయి. అప్పుడు నెడ్ నెమ్మదిగా, "అయితే రెండు తీసుకురా, ఏమోస్," అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. తలెత్తి చూసేసరికి మీవాడు రెండు గ్లాసులు తాగి బస్సెక్కేశాడు. ఇప్పుడు నేను సామాను సర్దుకోవాలా, వద్దా?

మేబెల్

తా.క.: గొడుగు మరిచిపోయాడు. అది మాత్రం మంచిది.

3 ఆగస్టు

మేబెల్ గారికి,

సామాను విప్పేయండి. ఆ చెవులు నావే.

ముప్పై ఏళ్లుగా పరాయివాళ్ల పబ్బుల లెక్కలు రాసి రాసి విసుగెత్తి, ఆ పబ్బు నాకే ఇమ్మని అడుక్కున్నాను. మీకు చెప్పడానికి సిగ్గుపడ్డాను. కానీ మీరు పలికిన తీరు విన్నాక అక్కడ నిలబడలేకపోయాను.

సోమవారం డైరెక్టరు గారు "ఇంతకీ అక్కడ థ్రప్ ఉన్నట్టా, లేనట్టా?" అని అడిగారు. ఉన్నారు, ఊరంతా పిలవగా విన్నాను అన్నాను. ఆడమనిషికి ఇవ్వకూడదన్న రూలు అలాగే ఉంది. కానీ ఏమోస్ థ్రప్ ఆడమనిషని మా పుస్తకాల్లో ఎక్కడా రాసి లేదు. లైసెన్సు కాగితాలు జతచేశాను, ఏమోస్ థ్రప్ అని సంతకం పెట్టి పంపండి.

మీ
కథ్‌బర్ట్

తా.క.: సంతకం చోట 'మిస్టర్' అని ముందే అచ్చయి ఉంది. దయచేసి కొట్టేయకండి.