కోటగోడల దాకా నడక

అజీజియా, అల్ ఖోబర్
16 అక్టోబర్ 2023

నా సృజనా,

యార్క్ కోటగోడ మీద నవ్వుతున్న నీ ఫొటో ఈమెయిల్లో చేరింది. రెండు నెలలుగా వారం వారం రైలెక్కి పాత ఊళ్లు నడిచి చూస్తున్నావు. డరమ్ అయింది, చెస్టర్ అయింది. ప్రతిసారీ "ఒక్కసారి రా, కలిసి నడుద్దాం" అంటావు. ఆ రాళ్లలో మన నెత్తురుంది, ఆ గడ్డ తొక్కనని నేను ఉపన్యాసం దంచుతాను.

అబద్ధం. సిద్ధాంతం చాటున దాక్కున్నాను. సౌదీవాళ్లను తగినంతమందిని పెట్టుకోలేదని నితాఖత్ లెక్కల్లో మా కంపెనీ ఎరుపులో పడింది. అప్పట్నుంచీ మా ఇఖామా నివాస కార్డులు కొత్తవి కాలేదు. కార్డు లేనిదే దేశం దాటే ఎగ్జిట్ వీసా లేదు. తప్పు యజమానిది, బందీలం మేం పన్నెండు మందిమి! అందరి తరఫునా లేబర్ ఆఫీసుకు ఫిర్యాదు రాసింది నేనే. నిన్న మేనేజరు పిలిచి, దాన్ని వెనక్కి తీసుకుంటే నన్నొక్కణ్ణి పంపిస్తానన్నాడు. గురువారం దాకా గడువు.

మా పన్నెండు మందిలో ఒకడైన భోజన్నకు చెప్పాను. లిఫ్టు బాగుచేస్తూ తలెత్తకుండానే అన్నాడు: "పో సదన్నా. నీ పోరాటాలు విమానం ఎక్కేదాంకనే గదా!"

నీ పక్కన ఒక్కరోజు నడవాలని ఉంది. సంతకం పెడతాను.

నీ సదానందం

లీడ్స్
17 అక్టోబర్

సదా,

సంతకం పెట్టకు.

ఆ గోడలు కట్టేనాటికి ఈ ఇంగ్లీషువాళ్లకు మన దేశానికి దారే తెలియదు. నీ వాదన తప్పని తెలిసీ ఊరుకున్నాను, ఎందుకంటే నా దగ్గరా ఒక అబద్ధం ఉంది. నేను ఊళ్లు చూడ్డానికి తిరగలేదు. వృద్ధుల సేవకు నన్ను తెచ్చిన కంపెనీ లైసెన్సు ఆగస్టులో పోయింది. అరవై రోజుల్లో మరొకరు వీసాకు పూచీ పడాలన్నారు. రైలు దిగి, ఒక్కో వృద్ధాశ్రమం తలుపు తడుతూ నడిచాను. పొద్దుగూకే ముందు ఏ కోట దగ్గరో నీకోసం నవ్వి ఫొటో దిగాను.

చెస్టర్‌లో వంట చేసే కడప గురవమ్మ నిజం చెప్పింది: "పూచీ ఎవురూ ఇయ్యరు పాపా, కాళ్లు అరగదీసుకోవాకు." వీసాకు పూచీ పడి నిన్ను కట్టేసిన నీ కఫీల్‌కే ఇక్కడ టై కట్టారు, అంతే తేడా.

ఇరవై ఆరున మన ఇంటికి, జగిత్యాల వెళ్లిపోతున్నాను. ఇక్కడికి వచ్చినా నేనుండను. ఈ ఉత్తరం భోజన్నకు చదివి వినిపించు. ఎన్నాళ్లయినా అందరితో కలిసి రా. ఒక్కడివే వస్తే గుమ్మంలోనే అడుగుతాను, మిగతావాళ్లేరని.

సృజన