నాలుగో ముద్ద

బుధవారం, పడుకునే ముందు

గ్లూకోజుకు CH₂O అని రాసి ఆపేసినందుకు కెమిస్ట్రీ సార్ సగం మార్కులే వేసినాడు. "నిష్పత్తి సరే. వెనిగర్‌లో ఉండే యాసిడ్‌కూ ఇదే నిష్పత్తి ఉండాది. అణువు మొత్తం బరువు చూస్తే గదమ్మా, అసలు ఫార్ములా C₆H₁₂O₆ అని తేలేది!" అన్నాడు. అప్పుడు నా తలకెక్కలేదు.

సాయంత్రం అమ్మ సంగటి కెలుకుతాంటే పక్కనే కూర్చున్నా. బియ్యం ఒక పాలు, రాగిపిండి రెండు పాళ్లు, ఎప్పుడూ ఉండే లెక్కే. కానీ ఈరోజు పెద్ద కుండ పెట్టింది. ఇంట్లో ఉండేది ముగ్గురం, ముద్దలు నాలుగు చేసింది.

"అన్న వస్తాండాడామ్మా?"

"ఏమో. మీ నాయనే ఒక ముద్ద ఎక్కువ చెయ్యమన్యాడు."

నాయనతో కొట్లాడి అన్న ఎర్రగుంట్లకు పోయినప్పటి నుంచి ఆయన వాని పేరే ఎత్తలేదు. ఈరోజు కూడా ఎత్తలేదు. వాకిలికి గడియ మాత్రం ఇంకా పెట్టలేదు.