ఏడో సూత్రం: క్రియ ముందు

అచ్చాఫీసు ప్రూఫ్ రీడరు గారికి, నమస్కారాలు.

ఈ సంగతి ఇప్పుడే చెప్పాలి. సోమవారం అచ్చు ఫారాలు మెషీనెక్కుతాయి. నా ‘గది భాషా వ్యాకరణం’లో మీరు నలభై ఒక్క తప్పులు దిద్దారు. అవి తప్పులు కావు, సూత్రాలు.

పెద్దవాళ్ళకు అర్థం కాకూడదని చిన్నప్పుడు మా గదిలో అక్కా నేనూ కట్టుకున్న భాష ఇది. జబ్బు చేసి మాట పడిపోయిన అక్క ఇప్పుడు మామూలు భాషలో ఎవరు పలకరించినా గోడవైపు తిరుగుతోంది. ఈ భాషలో పిలిస్తేనే చూస్తోంది. ఆసుపత్రి వార్డు ఆయాలకు ఇవ్వడానికే ఈ పన్నెండు పేజీలు. కామా కూడా కదపనివ్వను.

ఏడో సూత్రం చూడండి: ‘తోపె’ అంటే నీళ్ళు, ‘లుమి’ అంటే తాగు. మామూలుగా ‘తోపె లుమి’. కోపం వస్తే క్రియ ముందు: ‘లుమి తోపె’. రెండూ ఒకేలా ఉండాలని మీరు మార్చేశారు!

ఇట్లు,
చెల్లెలు

తా.క. ‘మంచం’ మాటకు బహువచనం లేదు. మా గదిలో ఒకటే ఉండేది.

*

వ్యాకరణకర్త్రి గారికి,

చూస్తున్నాను ప్రూఫులు ముప్పై ఏళ్ళుగా. ఒప్పుకోను ఒకే మాట రెండు రకాలుగా ఉంటే. పోతుంది అచ్చాఫీసు పరువు. పంపను దీన్ని మెషీనుకు!

ఇట్లు,
ప్రూఫ్ రీడరు

తా.క. ఉన్నది ఒకటే మంచమైతే, రెండోవారు నేల మీదా? దానికి పదమేదీ?

*

ప్రూఫ్ రీడరు గారికి,

మీ వాక్యాలన్నింటిలోనూ క్రియ ముందే ఉంది. ఏడో సూత్రాన్ని నాకంటే చక్కగా పాటించారు, అభినందనలు.

నేను జ్వరంతో పడుకుంటే అక్క గ్లాసు పట్టుకుని ‘లుమి తోపె’ అని గదమాయించేది. ఆ కోపం యాభై ఏళ్ళుగా నా చెవుల్లో ఉంది. మార్చనుగాక మార్చను. నమ్మకం లేకపోతే వార్డుకెళ్ళి అక్కనే అడగండి.

ఇట్లు,
చెల్లెలు

తా.క. నేల మీద పడుకున్నది అక్క. ఆ పదం నాకు ఎప్పుడూ చెప్పలేదు.

*

చెల్లెలు గారికి,

వెళ్ళాను. ‘తోపె లుమి’ అన్నాను. మీ అక్కగారు గోడనే చూశారు. ‘లుమి తోపె’ అనగానే గ్లాసందుకుని మొత్తం తాగేశారు. తర్వాత ఎడమచేత్తో నా ఎర్రకలం లాక్కుని, నేను పట్టుకెళ్ళిన ప్రూఫులో ఏడో సూత్రంలోని ‘కోపం’ కొట్టేసి, పైన వంకరటింకరగా ‘ముద్దు’ అని రాశారు.

‘ముద్దు వస్తే క్రియ ముందు.’

నా నలభై ఒక్క దిద్దుబాట్లూ వెనక్కి తీసుకున్నాను. నలభై రెండోది ఆవిడది. మీరు ఎంత మొండికేసినా అచ్చువేసి తీరతాను.

సవరించిన సూత్రం ప్రకారం నా కిందటి ఉత్తరానికి అర్థం పూర్తిగా మారిపోయింది. దయచేసి ఎవరికీ చూపించకండి.

ఇట్లు,
ప్రూఫ్ రీడరు

తా.క. నేల మీద పడుకోవడాన్ని ఏమంటారని కూడా అడిగాను. కలం నా జేబులో పెట్టి నవ్వారు. ఆ పదం ఉందో లేదో నాకు తెలియదు.