విన్నాను, ఒప్పుకోలేదు

గౌరవనీయులైన కెప్టెన్ గారికి, సిబ్బంది విభాగం నమస్కారాలు.

ప్రయాణికులు తగ్గారు. విమానాలు కొన్ని షెడ్లకే పరిమితమయ్యాయి. కనుక యాభై దాటిన పైలట్లకు కంపెనీ రెండు దారులు చూపుతోంది: స్వచ్ఛంద పదవీ విరమణ, లేదా జీతం లేని రెండేళ్ల సెలవు. వచ్చే నెల మొదటి తేదీ నుంచి మీరు విరమణ తీసుకోవాలని మా సూచన.

ఇట్లు,
సిబ్బంది అధికారి

తా.క.: బావగారూ, సంతకం నాది, బుద్ధి కంపెనీది. అక్కయ్యకి మీరే చెప్పండి. నేను చెబితే ఆదివారం ఆ ఇంట్లో నాకు భోజనం పుట్టదు.

*

సిబ్బంది అధికారి కుర్చీలో ఉన్న మా బావమరిదికి,

ఉత్తరం అందింది. వచ్చే నెల మొదటి తేదీ నుంచి స్వచ్ఛంద పదవీ విరమణ.

ఈ వారం నాకు ఒక్క ట్రిప్పూ వెయ్యలేదు. అయినా పొద్దున్నే లేచి, గడ్డం గీసుకుని, టై కట్టుకుని వంటింట్లో కూర్చుంటున్నాను. మబ్బులు దాటి పైకి రాగానే ఎండ ఒక్కసారిగా మొహాన కొడుతుంది. అది కింద దొరకదోయ్. ఇక్కడ దొరికేది వాడేసిన ఎండ.

ఉంటాను,
మీ బావ, ఇప్పటికింకా కెప్టెన్

తా.క.: మీ అక్కయ్యకి చెప్పాను. ఆదివారం తప్పకుండా రా. వడ్డించేది నేను.

*

గౌరవనీయులైన కెప్టెన్ గారికి,

మీ అంగీకారం అందింది. ఇంత త్వరగా ఒప్పుకున్న మొదటి కెప్టెన్ మీరే. డైరెక్టరు గారు మీటింగులో మీ ఉత్తరం చదివి వినిపించారు. "వాడేసిన ఎండ" అన్నచోట కళ్లు తుడుచుకున్నారు. ఆ తర్వాత ఏసీ పెంచమన్నారు. వీడ్కోలు సభ శుక్రవారం. టోపీ, గుర్తింపు కార్డు ఆ రోజు అప్పగించగలరు.

ఇట్లు,
సిబ్బంది అధికారి

తా.క.: జ్ఞాపికగా గోడ గడియారం కొన్నారు. మీ ఇంట్లో ఇప్పటికే మూడున్నాయని చెప్పాను బావగారూ, వినలేదు.

*

ఉత్తరం చదవడం ఇంకా రాని బావమరిదికి,

ఎవరయ్యా ఒప్పుకుంది? గాల్లో ఉన్నప్పుడు కంట్రోల్ టవర్ ఏది చెప్పినా పైలట్ అదే మాట తిరిగి చెబుతాడు. ఏం విన్నాడో అవతలివాడికి తెలియడానికి. తప్పు విని ఉంటే అవతలివాడు దిద్దుతాడు. జీవితమంతా అదే అలవాటు. నీకూ అలాగే తిరిగి రాశాను. దిద్దుతావని చూశాను. మీరేమో గడియారం కొన్నారు.

శుక్రవారం సభ, టోపీ, కార్డు. ఇదీ విన్నాను. ఒప్పుకోలేదు.

విమానాల తోకలకి కొత్త రంగులు పూయించడానికి డబ్బుంది, నడిపేవాణ్ణి ఉంచుకోవడానికి లేదు. కంపెనీని ఈ గతికి తెచ్చిన డైరెక్టర్లలో ఒక్కరికైనా ఈ స్వచ్ఛంద భాగ్యం కలిగించారా? మెడ మీద చెయ్యి వేసి గుమ్మం దాటించి, తనంతట తానే వెళ్లాడని రాసుకోవడం ఏం మర్యాద?

కోపంతో,
మీ బావ

తా.క.: కళ్లు తుడుచుకున్న ఆ పెద్దమనిషిని గాలివాన రోజున నా పక్క సీట్లో కూర్చోబెట్టు. మిగిలిన నీళ్లూ వచ్చేస్తాయి.

*

బావగారికి,

ఇది కంపెనీ కాగితం కాదు, నా సొంతది. సభ రద్దు చేయిస్తాను. మీ దగ్గర ఒక సంగతి దాచాను. విమానాలు తగ్గితే చివర చేరినవాళ్లని ముందు ఇంటికి పంపుతారు. పైన ఒకరు తప్పుకుంటే కింద ఒకరు మిగులుతారు. సెలవు పెట్టినవాళ్లు తప్పుకున్నట్టు లెక్క కాదు. వరసలో చిట్టచివర ఉన్నది మీ అమ్మాయి, మన పిచ్చుక.

కోపైలట్‌గా చేరి నిండా ఏడాది కాలేదు. "నాన్నకి చెప్పావో, నీతో మాట్లాడను మామయ్యా" అంది. మేనకోడల్ని పంపలేక మిమ్మల్ని తొయ్యబోయాను. తండ్రీ కూతుళ్లలో ఎవరు ఎగరాలో తేల్చడం నా వల్ల కాదు బావగారూ.

మీ బావమరిది

తా.క.: గడియారం కొట్టువాడు వాపసు తీసుకోడట.

*

బావమరిదికి,

నీ మొదటి ఉత్తరం రాకముందే నాకు తెలుసు. పైలట్లలో ఎవరి వెనక ఎవరున్నారో నాకు నువ్వు చెప్పాలా? మొదటి విమానం షెడ్డుకి వెళ్లిన రోజే అనుకున్నాను, వెళ్లేది నేనేనని. పిచ్చుకకి తెలియనివ్వలేదు.

మరి ఇన్నాళ్లూ పోట్లాట ఎందుకంటావు. వెళ్లడం వేరు, ఇష్టపడి వెళ్లడం వేరు. నాకు ఇష్టం లేదు. పొద్దున్న లేస్తే పైకి పోవాలనిపిస్తుంది, పోలేనని తెలిశాక ఇంకా ఎక్కువ అనిపిస్తోంది. ఈ సంగతి మీ ఆఫీసులో ఒక్కడికైనా తెలియాలి. "స్వచ్ఛంద" అన్న మాట కొట్టేసి కాగితం పంపు, సంతకం పెడతాను. తండ్రినీ కూతుర్నీ ఒకే సీటు ముందు నిలబెట్టి, దానికి త్యాగమని పేరు పెట్టి ఎవరైనా ఉపన్యాసం ఇచ్చారో, సభలోకొచ్చి మరీ మాట్లాడతాను.

ప్రేమతో,
మీ బావ

తా.క.: రేపు పిచ్చుక వెళ్లే విమానానికి మూడు టికెట్లు కొన్నాను. కిటికీ పక్క నేను, నడవా పక్క మీ అక్కయ్య, మధ్యలో నువ్వు. విమానం లేచేటప్పుడు నా చేతులు ఊరుకోవు. అంత దూరం మీ అక్కయ్యకి అందదు, నువ్వే పట్టుకోవాలి.