మట్టి లేని కుండీ

చెల్లికి,

అక్క రాస్తున్నది. నేను, మీ బావ, పిల్లలు బాగానే ఉన్నాం. నీ ఆర్కిడ్ మొక్క బాగా లేదు.

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి ఒళ్లు మండిపోతోంది. "ఆరేళ్లు పెంచితే మొదటి మొగ్గ వేసింది. మూడు నెలల ట్రైనింగ్ కదా అని మీ ఇంట్లో పెడితే బావ నా నోట్లో మట్టి కొట్టాడు, ఇక మీ గడప తొక్కను" అని రాస్తావా? 'కొట్టారు' అనడానికి కూడా చెయ్యి రాలేదు నీకు. రోజంతా బస్సు నడిపి వచ్చి, చొక్కా అయినా మార్చకుండా నీ కుండీ ముందు కూర్చునే మనిషాయన.

కుండీని నీళ్ల బకెట్లో పెట్టి మర్చిపోయాడా అని అడిగావు. లేదు. వేళ్లు వెండిలా తెల్లబడ్డాకే నీళ్లలో పెట్టేవారు. వాచీ చూసుకుని పది నిమిషాలు. తర్వాత చుక్క ఆగేదాకా వంచి పట్టుకునేవారు. పిల్లల తరగతులు అడిగితే తడుముకునే మనిషికి నీ మొక్క ఆకులెన్నో తెలుసు.

వేళ్ల రంగు అడిగావు. గోధుమ రంగు. నొక్కితే తొక్క ఊడి చేతికొచ్చి లోపల దారంలాంటి నార మిగిలింది. కత్తెర కాల్చి కుళ్లినవన్నీ ఆయనే కత్తిరించారు. గట్టివి రెండు మిగిలితే కొత్త బెరడు ముక్కల్లో నిలబెట్టారు. మొగ్గ రాలిపోయింది.

ఇక అసలు మాట. ఆయన పది రోజులు దూరపు డ్యూటీకి వెళ్లారు. తెల్లటి వేళ్లు కుండీ బయటికి పాకుతుంటే చీడ అనుకున్నాను. లోపల చూస్తే బెరడు ముక్కలే. మట్టి లేకుండా మొక్కేమిటి, ఇంత చదివీ నీకిదీ తెలియదా అని, నా కూరగాయల మడిలోంచి నల్లమట్టి తెచ్చి, వేళ్లన్నీ లోపలికి కుక్కి, పూటకో చెంబు నీళ్లు పోశాను. గాలి ఆడక వేళ్లు కుళ్లిపోయాయి. నీ నోట్లో మట్టి కొట్టింది నేను. నిజంగా మట్టే.

ఆయన వచ్చి చూసి, "నేనే నీళ్లు ఎక్కువ పోశాను" అని నీకు రాసి పడేశారు. ఎందుకలా రాశారని అరిచాను.

"మరదలు నాతో మాట్లాడకపోతే నాకేం కాదు. నీతో మాట్లాడకపోతే నువ్వుండలేవు" అన్నారు.

దానికీ కోపమే వచ్చింది. అయినా ఇరవై రోజులు నోరు మూసుకున్నాను. అందుకు నా మీద నాకే అసహ్యం.

ముందు ఆయనకు రాయి, తప్పయిందని. తర్వాత నాతో మాటలు మానేస్తావో, మానెయ్. నేనుండగలను.

ఇట్లు,
ఉండలేని నీ అక్క